స్టూలు దిగని మాస్టారు

మా ఆయన కచేరీలు మానేసి పియానో పాఠాలు చెబుతానన్నప్పుడు బంధువులంతా ఆహా ఓహో అన్నారు. "రాబోయే తరానికి నా విద్య అందాలి" అని ఆయన కనిపించినవాళ్లందరికీ చెప్పుకొచ్చాడు. రాబోయే తరం తడి గొడుగులు ముందుగదిలో పడేసి, ముక్కులు ఎగబీలుస్తూ రానే వచ్చింది.

చిక్కల్లా ఒక్కటే. ఆయన వేదిక దిగాడు కానీ, పియానో ముందున్న స్టూలు దిగలేదు. శిష్యుల్ని పక్కన మడత కుర్చీలో కూర్చోబెట్టి, "ముందు చెవి తయారవ్వాలి" అంటూ గంటసేపూ తనే వాయించేవాడు. అయ్యాక లేచి, పియానో మీద ఒక చెయ్యి ఆనించి, నడుం వంచి అభివాదం చేసేవాడు. ఎవరికి? ఎనిమిదేళ్ల పిల్లకి. అది మాత్రం ఏం చేస్తుంది పాపం, చప్పట్లు కొట్టేది. వంటింట్లో నవ్వు ఆపుకోలేక నేను చచ్చేదాన్ని.

"మా అమ్మాయికి చప్పట్లు కొట్టడం బాగా వచ్చేసిందండీ, ఇక చాలు" అని ఒక తల్లి పిల్లని తీసుకుపోయింది. మిగతావాళ్లూ ఒక్కొక్కరే జారుకున్నారు. చివరికి మిగిలింది మా వీధిలో ఉండే పళ్ల డాక్టరమ్మ ఒక్కతే. ఆవిడ కూడా మానేస్తే ఈయన వాయించేది వినే దిక్కే ఉండదు. పైకి ఎంత బింకంగా ఉన్నా, ఆవిడ వచ్చే రోజు పొద్దుటి నుంచీ కిటికీకే అతుక్కుపోయేవాడు.

ఆ రోజు ఆయన స్టూలు మీద సర్దుకుని కూర్చోగానే డాక్టరమ్మ ఎదురుగా వచ్చి నిలబడింది.

"లేవండి మాస్టారూ. ఇవాళ నేను కూర్చుంటాను."

"మీ చెవి ఇంకా..."

"నా చెవికేం, దివ్యంగా ఉంది. పన్ను నొప్పని మీరు నా దగ్గరికొస్తే, మిమ్మల్ని పక్కన కూర్చోబెట్టి నా పన్ను నేను పీక్కుని చూపిస్తానా?"

మా ఆయన ముఖం మాడిపోయింది. గెంటేస్తాడనుకున్నాను. కానీ లేచి మడత కుర్చీలో కూర్చున్నాడు.

డాక్టరమ్మ వాయించింది. మర్యాద కోసం వాయించడం అంటున్నాను. వేళ్లు కొయ్యల్లా బిగుసుకుపోయాయి. తట్టుకోలేక ఆయన దిగ్గున లేచాడు. అయిపోయింది, ఆవిణ్ణి లేపేసి తనే కూర్చుంటాడనుకున్నాను. వంగి, ఆవిడ చిటికెన వేలిని మెల్లగా తాకాడు.

"దీన్ని బిగబట్టకండి, వదిలేయండి. మీ వేలు చెప్పిన మాట వింటుంది. నాది వినడం మానేసి చాలా కాలమైంది. అందుకే కచేరీలు వదిలేశాను."

డాక్టరమ్మ తలూపి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారీ ఘోరమే. ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకుని "ఇంకోసారి" అన్నాడు.

వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడిపోయాను. ఇన్నేళ్ల కాపురంలో నాకు చెప్పుకోని మాట పళ్ల డాక్టరమ్మకి చెప్పుకున్నాడు. ఒళ్లు మండిపోయింది. ఏడుపూ వచ్చింది.