బెండ్లకు కట్టిన చీర

ఫ్యాక్టరీ గొట్టం సముద్రంలోకి వదిలే నీళ్ల గురించి జాలరి వరహాలు కెమెరా ముందు మాట్లాడాడు. చేపలు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చినా పల్లె నోరెత్తదని కులపెద్దలు కంపెనీకి మాటిచ్చారని చెప్పాడు. మొహం చూపించనని, పేరు వెయ్యనని ఉదయ్‌కుమార్ ఒప్పుకున్నాడు. అతను సిటీలో, సీతమ్మధారలో ఉండి డాక్యుమెంటరీలు తీసేవాడు. అది 2002.

మొహం లేదు కాబట్టి చేతులు తీశాడు. వరహాలు తన సొంత వల తెచ్చుకుని, బాగుచేస్తూ మాట్లాడాడు. ఎవరి వల ఎవరిదో తెలియడానికి ఆ పల్లెలో ఇల్లాలి పాత చీర చింపి, వలను నీటి మీద తేల్చే బెండ్లకు కడతారు.

షూటింగ్ అయ్యాక వరహాలు భార్య చిలకమ్మ అడిగింది.

“బాబూ, నా సీర పీలికలు అవుపడతాయేటి?”

“అంత చిన్న గుడ్డముక్క ఎవరు చూస్తారమ్మా?”

“మావోలు ముందు అదే సూత్తారు. తీసీయండి బాబూ.”

తీసేస్తానన్నాడు. ఎడిటింగ్‌లో ఆ షాటే బాగుందనిపించి ఉంచేశాడు.

సినిమా మొదట పల్లెలోనే వెయ్యాలని అతని పట్టు. సాయంత్రం ఇసుకలో రెండు గెడలు పాతి తెల్లగుడ్డ కట్టారు. తెర మీద చేతులు, వల కనబడగానే చిలకమ్మ మేనత్త పోతమ్మ లేచి నిలబడింది.

“ఓలమ్మ! మా సిలక పెళ్లిసీర కాదేటే ఇది? నాను కొన్నదే!”

కొందరు నవ్వారు. కులపెద్ద సూరన్న నవ్వలేదు.

మర్నాటి నుంచి వరహాలుతో ఎవరూ తెప్ప ఎక్కలేదు. ఒక్కడితో తెప్ప అల దాటదు. పోతమ్మ కూడా వాళ్ల గుమ్మం తొక్కడం మానేసింది.

సినిమాకి ఢిల్లీలో బహుమతి వచ్చింది. మరుసటి ఏడు ఉదయ్‌కుమార్ ఈ వెలి మీద రెండో సినిమా తీయడానికి వచ్చాడు. అప్పటికి వరహాలు సిటీలో, వన్ టౌన్ బజారులో ఉల్లిపాయల మూటలు మోస్తున్నాడు.

“సూరన్న మావ ఒక మాటన్నాడు బాబూ. నాను సెప్పింది అబద్ధమని అదే తెరగుడ్డ మీద, అందరి ముందూ సెప్తే తెప్ప ఎక్కనిత్తాడంట. సినిమా తీసి ఎయ్యండి.”

“నువ్వు చెప్పింది నిజమే కదా?”

“నిజమే. అయితే మీరొచ్చి నా తెప్ప తోత్తారేటి?”

ఉదయ్‌కుమార్ కెమెరా బయటికి తీశాడు.

“సరే, పల్లెలో వేస్తాను. ఈసారి మొహం కనిపించాలి.”

వరహాలు మూట దించి, అబద్ధమని చెప్పాడు.

“ఇంకోసారి. లారీ అడ్డొచ్చింది.”

మళ్లీ చెప్పాడు. మూడోసారి గొంతు వణికింది. అది చాలన్నాడు ఉదయ్‌కుమార్.

రెండో సినిమా ఆ మాటతోనే మొదలవుతుంది. పెద్దలు భయపెట్టి చెప్పించారని వెనకనుంచి వ్యాఖ్యానం వస్తుంది. హైదరాబాద్‌లో వేశారు, ఢిల్లీలో వేశారు. పల్లెలో ఎప్పుడు వేస్తారని చిలకమ్మ సీతమ్మధార వెళ్లి అడిగింది.

“అక్కడ ఆ అబద్ధమన్న మాట వేస్తే గొట్టానికి వ్యతిరేకంగా ఇంతకాలం చేసిందంతా పోతుందమ్మా,” అన్నాడు.

ఆమె ఇంటికొచ్చి బెండ్లకున్న పీలికలు విప్పేసింది. వల సూరన్న కొడుకు కొనుక్కున్నాడు. వాళ్ల కోడలు తన చీర చింపి కట్టింది.