కంచరగాడిద ఏమైందని అడిగిన సిపాయి

నాగరత్న ఇంతవరకూ నోరు తెరిచి ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. ఆమె ఏ యుద్ధం సినిమానూ చివరిదాకా చూడలేదు.

మారికుప్పం బంగారు గని కూలీల లైన్లలో ఈ మాట చెబితే నవ్వుతారు. ఎనిమిదో క్లాసుతో బడి మానేసి, ఆ సినిమాలు చూసీ చూసీ సొంతంగా ఇంగ్లీషు నేర్చుకున్న పిల్ల ఆమె. ఆదివారం మధ్యాహ్నం ఆటకు ముందు వరసలో కూర్చునేది. సగం దాటి తెరమీద తుపాకులు జోరందుకునే వేళకు లేచి, అమ్మ ఒకతే ఉంది, ఎసరు పెట్టాలి అని ఇంటికొచ్చేసేది. అది అబద్ధమూ కాదు గనక ఎవరూ అనుమానించలేదు. యుద్ధం సినిమా ఆడిన రోజు లైన్లో ప్రతి ఇంట్లోనూ ఎసరు ఎక్కువే పెట్టాలి.

మైను గవర్నమెంటు చేతికొచ్చినాక, దొరలు తమ క్లబ్బు హాలునూ సినిమా మిషన్నూ రేకు డబ్బాల్లో రీళ్ళనూ వదిలేసి పోయారు. అన్నీ యుద్ధం సినిమాలే, అన్నీ నలుపూ తెలుపూ. అవే తిప్పి తిప్పి వేసేవాళ్ళు. ఆ సినిమాల్లో పేరైనా లేకుండా మధ్యలోనే చచ్చిపోయే సిపాయిలుంటారు. ఆట ముగిశాక వాళ్ళు హాలు వెనక తలుపు తీసుకుని వచ్చి, ఇంటికొకరు చొప్పున లైన్లో భోజనానికి కూర్చునేవాళ్ళు. రాత్రి షిఫ్టు సైరన్ కూయగానే చేతులు కడుక్కుని వెళ్ళిపోయేవాళ్ళు. పేరున్న కెప్టెన్లు ఎప్పుడూ రాలేదు. వాళ్ళకు సినిమాలోనే విందులుంటాయి.

ఓడ మునిగే సినిమా వేసిన రోజు మాత్రం పక్కింటి చిన్నక్క మిషన్ నడిపే ఆంజినప్పను ఉతికి ఆరేసేది. "ఇంత మందిని ఒకే తూరి సంపేస్తే సంగటి కెలికేది ఎవురప్పా? ఇద్దురో ముగ్గురో పొయ్యే సినిమా లేదా నీ డబ్బాల్లో?"

ఏ ఇంటికి ఏ సిపాయి వస్తే ఆ సినిమా ఆ ఇంటిది. కొళాయి దగ్గర బిందెలు నిండేలోగా ఎవరి సినిమా గొప్పదో తేల్చుకోవడమే లైన్లో కాలక్షేపం. చిన్నక్కది ఆ ఓడ సినిమానే. దాంట్లోంచి వచ్చే కుర్రవాడు పెరుగన్నం తప్ప ముట్టడని మురిసిపోయేది. మైను లోపల దుంగలు నిలబెట్టే పని చేసి రిటైరైన గంగప్పది కందకం కూలే సినిమా. ఆయన తన సిపాయికి వడ్డిస్తూనే ఆ కందకానికి దుంగలు ఎట్లా పెట్టి ఉండాల్సిందో చెప్పి చెప్పి విసిగించేవాడు. పాపం ఆ సిపాయి తల ఊపుతూ తినేవాడు.

నాగరత్న ఇంటిది ఏటి సినిమా. అవతలి గట్టున చిక్కుకుపోయిన దళానికి, కంచరగాడిద మీద తిండి మూటలు వేసుకుని ఏరు దాటిస్తాడొక సిపాయి. నడి ఏట్లో గుండు తగులుతుంది, చేతిలో తాడు జారిపోతుంది. అతను వాళ్ళ అరుగెక్కేసరికి బట్టలు నీళ్ళోడుతుండేవి. నాగరత్న తల్లి వెంకటలక్ష్మమ్మ తువ్వాలిచ్చి కంచం పెట్టేది. మనిషంతా బూడిద రంగు. గోంగూరలోని పచ్చిమిరపకాయ కొరికినప్పుడు మాత్రం చెవుల కొసలు కొంచెం ఎర్రబడేవి.

మధ్యలో పోయినవాళ్ళు గనక ఈ చుట్టాలకు ముగింపు తెలీదు. తింటూ తింటూ అడుగుతారు. ఎవరు గెలిచారు, వంతెన నిలిచిందా, ఉత్తరం చేరిందా అని. చెప్పడం మర్యాద. ఏటి సిపాయి గెలుపోటముల గురించి ఎన్నడూ అడగలేదు. లైన్లో నేర్చుకున్న తెలుగులో అతను అడిగేది ఒకటే. "అక్కా, నా కంచరగాడిద ఏమాయ?"

నాగరత్న నోటికొచ్చింది చెప్పేది.

ఆమె అలా సగంలో లేవడానికి కారణం ఆ సినిమానే. చిన్నప్పుడు నాన్న కృష్ణప్ప భుజాల మీద ఎక్కించుకుని తీసుకెళ్ళాడు. సిపాయి ఏట్లో దిగుతున్నాడు. పెద్ద చప్పుడైంది. తెరమీద బాంబు పడిందనుకుని హాలంతా చప్పట్లు కొట్టింది. బెంచీలు ఇంకా కదులుతుంటే చప్పట్లు ఒక్కటొక్కటే ఆగిపోయాయి. అది ఎయిర్‌బ్లాస్ట్. మైను లోపల బండ పగిలితే ఊరు ఊరంతా అలాగే వణుకుతుంది. కృష్ణప్ప లోపల చిక్కుకున్నవాళ్ళను పైకి తెచ్చే దళంలో ఉండేవాడు. పాపను గంగప్ప ఒళ్ళో దించి, "నువ్వు చూస్తా ఉండు. నేనొచ్చినాక నాకు కథ చెప్పల్లా" అని పరిగెత్తాడు. ఆ పిల్ల కొంచెంసేపు చూసింది, భయమేసి బయటికొచ్చేసింది. కథ చెప్పించుకోవాల్సిన మనిషి లోపలినుంచి పైకి రాలేదు. వెంకటలక్ష్మమ్మ ఆ తర్వాత హాలు గడప తొక్కలేదు.

ఇప్పుడు నాగరత్నకు సగంలో ఆగిపోయిన పని ఇంకొకటుంది. ఆండర్సన్‌పేట బజారులో కిరాణా అంగడి వెంకటేశయ్య కొడుకు చెన్నకేశవ ఏళ్ళ తరబడి ఆమె వెనక వరసలో కూర్చున్నవాడు. బజారు ఇళ్ళకు సిపాయిలు పోరు. శెట్టి ఇంటికి పోతే కంచం కూడా తూచి పెడతారని వాళ్ళకెవరో చెప్పినట్టున్నారని తన మీద తనే జోకులేసుకునేవాడు. తమకంటూ ఒక సినిమా లేదని, ఆమె ఇంటి సినిమానే తనదనుకుంటానని అన్నాడొకసారి. కోలారులో మేనమామ టమోటా మండీలో పనికి వెళ్ళే ముందు హాలు మెట్ల మీద ఆమెను ఆపాడు.

"నన్ను చేసుకుంటావా? మా నాయన్ని ఒప్పించేది నా పని. శ్రావణం వస్తే టేకల్ ఊరి సంబంధం ఖాయం చేస్తారంట. ఔననైనా చెప్పు, కాదనైనా చెప్పు. ఫోన్ మాత్రం చెయ్యి."

ఆషాఢం అయిపోవస్తోంది. ఆమె ఎన్నోసార్లు మునిశామప్ప ఫోన్ బూత్ దాకా వెళ్ళింది, రిసీవర్ ఎత్తింది, పెట్టేసింది. కాదనాలని లేదు. ఔనంటే ఆ తర్వాత ఏదో ఒకటి మొదలై ఎక్కడికో పోతుంది. ఎక్కడికో ఆమెకు తెలీదు.

ఆ ఆదివారం ఏటి సినిమా వేశారు. నాగరత్న ఎప్పటిలాగే లేచొచ్చి ఎసరు పెట్టింది. సాయంత్రం సిపాయి వచ్చాడు, తుడుచుకున్నాడు, కూర్చున్నాడు, సంగటి చిదిమి అడిగాడు. ఆమె గరిటె తిప్పుతూ, "దాటేసిందిలే, కెప్టెన్ తాడు పట్టుకున్నాడు" అంది.

అతని చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"పోయిన తూరి మునిగిపాయ అంటివి. అంతకు ముందు ఊర్లోవాళ్ళు తోలుకోని పోయినారంటివి." గొంతులో కోపం లేదు. "నాది సగమే అక్కా. నేను ఆ సగం దాటి పోలేను. నువ్వు పోగలవు గదా."

నాగరత్న గరిటె పెట్టేసింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ గంగప్ప ఇంటికి పరిగెత్తి, ఏటి సినిమాలో చివరికి కంచరగాడిద ఏమైందని అడిగింది. ఆయనకు చివర్లో ఏటి మీద కట్టిన వంతెనకు మేకులు సరిగా కొట్టలేదన్నది ఒక్కటే జ్ఞాపకం ఉంది. చిన్నక్కకు కెప్టెన్ పెళ్ళికూతురు తొడుక్కున్న బొచ్చుకోటు గుర్తుంది, దాని గుండీలతో సహా. గాడిదను ఎవరూ చూడలేదు.

"నీకి తెలీదా పాపా? ఆ ఇంగ్లీషు మాటలు నువ్వే గదా మాకందరికీ చెప్పేది" అన్నాడు గంగప్ప.

"తెలీదు మామా. నేను కడదాకా ఎప్పుడూ చూళ్ళేదు."

ఆ మాట అనేశాక ఆమెకే వింతగా అనిపించింది. గంగప్ప చొక్కా తొడుక్కున్నాడు. ఆంజినప్ప హాలుకు తాళం వేస్తుంటే ఇద్దరూ వెళ్ళి నిలబడ్డారు. కడపటి రీలు మళ్ళీ తిప్పాలంటే అతను సణిగాడు. మిషన్ ఇప్పుడే చల్లారిందన్నాడు, ఇంట్లో ఇద్దరు సిపాయిలు కాచుకుని ఉన్నారన్నాడు. సణుగుతూనే తలుపు తీశాడు.

దీపాలు ఆర్పాక ఎవరో వచ్చి పక్కన కూర్చున్నారు. సంగటి వాసన. నాగరత్న తిరిగి చూసింది.

"ఆ పిల్లోడు అరుగు మింద ఉండాడులే. నేను గూడా చూడల్లా" అంది వెంకటలక్ష్మమ్మ.

రీలు మొదలయ్యేసరికే సిపాయి పడిపోయి ఉన్నాడు. నీళ్ళ మీద తాడు తేలుతోంది. తుపాకులు మొదలయ్యాయి. నాగరత్న మోకాళ్ళు వాటంతట అవే లేవబోయాయి. బెంచీ అంచు పట్టుకుంది. కెప్టెన్ అరిచాడు, పొగ కమ్మింది, చాలామంది పడిపోయారు. తర్వాత ఒక చిన్న ముక్క వచ్చింది. అవతలి గట్టున చిక్కుకున్నవాళ్ళు డబ్బాల్లోంచి తింటున్నారు, వేళ్ళు నాకుతున్నారు. ఆ తిండి ఎట్లా వచ్చిందో సినిమా చెప్పలేదు. యుద్ధం అయిపోయింది. బొచ్చుకోటు పెళ్ళికూతురు బాట మీద పరిగెత్తుకొచ్చింది, కెప్టెన్ చేతులు చాచాడు, బ్యాండు మొదలైంది. హాల్లో ఇన్నేళ్ళూ అందరి కళ్ళూ అక్కడే ఉండిపోయాయి.

"అద్దో" అంది వెంకటలక్ష్మమ్మ.

తెర ఓ మూల, అవతలి గట్టున, బొటనవేలంత కంచరగాడిద. మెడనుంచి తాడు వేలాడుతోంది, వీపు మీద ఒకటే మూట. గడ్డి మేస్తోంది.

నాగరత్న లైన్లోకి పరిగెత్తింది. సిపాయి కంచం ముందు అలాగే కూర్చుని ఉన్నాడు, ముద్ద ఆరిపోయింది.

"దాటింది" అంది రొప్పుతూ. "ఎవురూ పట్టుకోలేదు. దానంతట అదే దాటింది. అవతలోళ్ళు తిన్నారు. కడాకు గడ్డి మేస్తా ఉండాది. నేను చూసినాను."

అతను ఆ మాటలను కాసేపు నమిలాడు. "ఈపు మింద మూటలు దించినారా?"

"ఒకటి దించినారు. ఇంగొకటి అట్లే ఉండాది. అది దించేలోగా సినిమా అయిపాయ."

సిపాయి నవ్వాడు. ఇన్నేళ్ళలో వాళ్ళింట్లో అతను నవ్వడం అదే మొదలు. ఆరిన ముద్దను ఇష్టంగా తిన్నాడు. పచ్చిమిరపకాయ కూడా మిగల్చలేదు. సైరన్ కూసింది. వెళ్ళేటప్పుడు ఎప్పుడూ అనే మళ్ళా వస్తానమ్మా అన్న మాట అనలేదు. తువ్వాలు మడిచి అరుగు మీద పెట్టి, వెంకటలక్ష్మమ్మకు తలవంచి దణ్ణం పెట్టి, పొడి బట్టలతో వెళ్ళిపోయాడు.

తల్లీకూతుళ్ళు అరుగు మీద కూర్చున్నారు. షిఫ్టుకు పోయేవాళ్ళ చెప్పుల చప్పుడు దూరమైంది.

"అమ్మా, మునిశామప్ప బూత్ ఇంగా తెరిచుంటాడా?"

"ఉంటాడు. యాడికి చేసేది?"

"కోలారుకి."

వెంకటలక్ష్మమ్మ కంచం తీస్తూ తల ఎత్తలేదు. ఇన్నాళ్ళూ ఆమెకేమీ తెలీదని అనుకోవడం కూతురి పొరపాటు. "ఔననే దానికా, కాదనే దానికా?"

"ఔననే దానికే" అని నాగరత్న చెప్పుల కోసం లేచింది.