ఆల్డోనా చెక్కిన పలకలు

“ఆ చెక్కుడు ఆపి కాస్త సూప్ సంగతి చూడు. సంఘం వాళ్ళు వచ్చే వేళయింది,” అన్నాడు యోనాస్, పత్రికలోంచి తల ఎత్తకుండానే.

ఆల్డోనా బీట్‌రూట్లు తరుగుతోంది. చెక్కడం పొద్దున్నే అయిపోయింది. అదైనా చూడలేదు మహానుభావుడు. యుద్ధం వల్ల లిథువేనియా వదిలి, చివరికి అమెరికాలో జెర్సీ సిటీ చేరి ముప్ఫై అయిదేళ్ళు. పగలంతా ఫ్యాక్టరీలో బట్టలు కుట్టింది, ఇంటికొచ్చి వండి వార్చింది, మిగిలిన కాస్త పొద్దులో, సిరా పూసి కాగితం మీద బొమ్మలు అచ్చు వేసే లినోలియం పలకలు చెక్కింది. అమ్మ నడికట్ల మీద నేసిన సూర్యుళ్ళూ పక్షులూ ఆమె చేతికి కంఠతా వచ్చు. మూడేళ్ళు కూర్చుని జానపద కథలకు ఇరవైనాలుగు బొమ్మలు చెక్కింది. 1979లో ప్రవాసుల సంఘం పుస్తకం వేసింది. అట్ట మీద సేకర్తగా యోనాస్ పేరు, ఇంత లావు అక్షరాల్లో. చివరి పేజీలో ‘సహకరించిన గృహిణులకు కృతజ్ఞతలు’ అని ఒక్క ముక్క. ఒళ్ళు మండిపోయింది. అయినా ఆ రోజు అందరికీ కాఫీలు అందించింది. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

పోయిన వారం పై అంతస్తు నళిని వచ్చింది. ఆంధ్రా నుంచి వచ్చిన పిల్ల. పుస్తకం తిరగేసి, “అచ్చం మా ముగ్గుల్లా ఉన్నాయి ఆంటీ! మీ పేరు ఏ పేజీలో ప్రింట్ చేశారు?” అంది.

యోనాస్ నవ్వాడు. “బొమ్మలదేముందమ్మా! మా ఆవిడకి అదో కాలక్షేపం.”

కాలక్షేపమట! ఉలి జారి రెండుసార్లు కుట్లు పడ్డ వేలిని అడగాలి ఆ మాట.

ఇప్పుడు రెండో ముద్రణట. అసలు పలకలే కావాలట. ఆల్డోనా కాదనలేదు. వారం రోజులు తలుపేసుకుని కూర్చుంది.

సంఘం కార్యదర్శి వచ్చి పెట్టె తెరిచాడు. మొదటి పలక చూసి మొహం చిట్లించాడు. సూర్యుడి నుదుటి మీద, ఈ చివర నుంచి ఆ చివరకి, ఆల్డోనా అన్న పేరు. అచ్చులో తిన్నగా పడేలా, అద్దంలోలా తిరగేసి చెక్కి ఉంది. రెండో పలకలో పిల్ల గౌను మీద. మూడో దాంట్లో ఏటి నీళ్ళ మీద. ఇరవైనాలుగింటిలోనూ అంతే.

“ఏమిటిది ఆల్డోనా! నా పరువు తీశావు,” అన్నాడు యోనాస్. “ముందు దీన్ని చెరిపెయ్.”

ఆమె చేతులు తుడుచుకుని వచ్చింది.

“పలక మీద ఒకసారి చెక్కింది చెరగదు యోనాస్. ఇన్నేళ్ళలో ఒక్కటైనా చెక్కి ఉంటే నీకు తెలిసేది.”