క్లచ్ లేని లారీ

కంప్యూటర్ కొనడానికి వచ్చేవాళ్ళంతా అబద్ధం చెబుతారని చక్రధరన్న అంటాడు. తిరుపతిలో రైల్వే స్టేషన్ దగ్గర ఒక మేడమీద ఆయన అసెంబ్లింగ్ షాపు. ‘పిల్లోడి చదువు కోసమన్నా’ అంటూ వస్తారట, పోయేటప్పుడు మాత్రం ‘ఆటలు బాగా ఆడుకోవచ్చు కదా’ అని మెల్లగా అడుగుతారట. నేను ఆ బాపతు కాదు. మెట్లెక్కి వెళ్ళి స్టూలు లాక్కుని, “ఆట కోసమేనన్నా. లారీ ఆట. ఆడేది మా నాయన” అని చెప్పేశాను.

ఆయన స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు. “మీ నాయనా? వయసెంతమ్మా?”

“యాభై రెండు.”

“అయితే ఆడేదానికేనా?”

“కాదన్నా, పటం కట్టించి పూజ చేసుకునేదానికి.”

నాకు కోపం తొందరగా వస్తుంది. అది మా నాయన దగ్గర్నుంచి వచ్చిన ఆస్తి. ఇంకో ఆస్తి లేదు.

మా నాయన గోవిందు లారీ డ్రైవరు. చిత్తూరు బెల్లం, దామలచెరువు మామిడికాయలు మద్రాసుకు తోలేవాడు, అక్కడ దొరికిన సరుకు ఎత్తుకుని రేణిగుంట గోడౌన్లకు వచ్చేవాడు. చక్కెర జబ్బు ఉందని తెలుసు, మాత్రలు మింగడం మాత్రం తెలియదు. ఎడమ పాదంలో మేకు గుచ్చుకుంటే ఇంత సున్నం పూసుకుని మళ్ళీ బండెక్కాడు. ఆస్పత్రికి వెళ్ళేసరికి మోకాలి కింద నుంచి తీసేయక తప్పలేదు. ఆస్పత్రి వాళ్ళే ఉచితంగా జైపూర్ కాలు ఇచ్చి, పట్టుకుని నడిపించి, ఇంటికి పంపారు. నాయన దాన్ని మంచం కిందకు తోసేశాడు. కర్ర మీద బాత్రూముకు పోతాడు, మళ్ళీ వచ్చి గోడవైపు తిరిగి పడుకుంటాడు. గడప దాటడు. ఎవరైనా చూడవస్తే దుప్పటి నడుము దాకా లాక్కుంటాడు.

“ఇట్ల తొడుక్కోకుండా పెడితే కండ కరిగిపోయి ఈ కాలు మళ్ళీ పట్టదమ్మా. తరవాత ఏడ్సి ప్రయోజనం ల్యా,” అని ఇంటికొచ్చి చూసిన డాక్టరు నన్ను బయటికి పిలిచి చెప్పాడు. అప్పటినుంచి నాకు అన్నం సయించలేదు.

నేను డీటీపీ సెంటర్లో పెళ్ళిపత్రికలు కొట్టే పని చేస్తాను. పక్కనే నెట్ సెంటరు. అక్కడ కాలేజీ పిల్లలు ఒక ఆట ఆడుతుంటే నిలబడిపోయాను. లారీలో సరుకు నింపుకుని ఊరూరా తోలే ఆట. అద్దంలో వెనక బండ్లు కనబడుతున్నాయి, వాన పడితే వైపర్లు ఆడుతున్నాయి. వాళ్ళు పక్కకు జరగమనేదాకా చూశాను. చీటీ పాడి డబ్బు తీసుకున్నాను. ఆ డబ్బుతో నాకు కమ్మలు చేయించాలని అమ్మ ఆశ.

“నీ దగ్గరుండే దుడ్డుకు అన్నీ మంచివి రావమ్మా,” అన్నాడు చక్రధరన్న. “ప్రాసెసరు మంచిది ఏస్తే గ్రాఫిక్స్ కార్డు రాదు. కార్డు ఏస్తే మిగతావన్నీ కోసెయ్యాల.”

“కార్డు లేకుంటే ఏమైతాది?”

చెప్పకుండా చూపించాడు. ముందు కార్డు లేకుండా ఆట పెట్టాడు. డీజిల్లో నీళ్ళు కలిసినట్టు లారీ ఆగి ఆగి కదిలింది, చెట్లు ఉన్నట్టుండి ఎదుటికి వచ్చిపడ్డాయి. తరవాత కార్డు గుచ్చి పెట్టాడు. రోడ్డు జారుతూ పోయింది. కొండ మలుపు ఒకటి వచ్చింది, అచ్చం భాకరాపేట ఘాటే. చిన్నప్పుడు నాయన పక్కన కూర్చుని ఆ మలుపుల్లో నేను కళ్ళు మూసుకునేదాన్ని.

“కార్డే ఎయ్యన్నా,” అన్నాను. “మిగతాది నీ ఇష్టం వచ్చినట్టు కొయ్యి.”

కోశాడు. చవక ప్రాసెసరు వేశాడు. నెట్ సెంటర్ వాళ్ళు తీసేసిన లావుపాటి మానిటరు తెచ్చాడు. కాబినెట్‌కు ఒకవైపు సొట్ట. స్పీకర్లు కొనలేదు, మా ఇంట్లో పాత టేప్‌రికార్డర్ ఉంది. అలా మిగిల్చిన దాంతో స్టీరింగు వచ్చింది, కింద పెట్టుకునే పెడళ్ళతో సహా. రెండే పెడళ్ళు. బ్రేకు, యాక్సిలరేటరు. రెండూ కుడికాలి పనే! దేవుడే చూసి చేయించినట్టుందని ఎగిరి గంతేశాను. లారీ డ్రైవరు కూతురినై ఉండి కూడా ఇంకేమీ తోచలేదు.

ఇంటికి తెచ్చి పెట్టగానే అమ్మ సీపీయూకు పసుపు రాసి బొట్టు పెట్టింది, మానిటర్ మీద నిమ్మకాయ పెట్టింది. బండి అన్నాక తప్పదంట. నాయన చాలాసేపు ఇటు తిరగలేదు. టేప్‌రికార్డర్‌లోంచి ఇంజను మోత వినబడ్డాకే తలెత్తాడు. కర్ర అందుకుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. స్టీరింగు పట్టుకున్నాడు.

మా అమ్మ మునిలక్ష్మి వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయింది. నాయన ఎడమవైపు తోలుతున్నాడు. ఆటలో ఉండే ఆ పరాయి దేశంలో కుడివైపు తోలాలని నేను చెబుతూనే ఉన్నాను, ఎదురొచ్చే ప్రతి బండినీ గుద్దుతూ, “కండ్లు నెత్తినెక్కినాయా నీకు! యాడికొస్తాండావ్ రా, ఈ పక్కకి!” అని తిడుతున్నాడు. ఎన్ని నెలలైందో మా ఇంట్లో ఆ గొంతు విని. తిట్లు వింటూ నేనూ అమ్మా ఒకరినొకరం చూసుకుని నవ్వాం.

ఎత్తు వచ్చింది. లారీ బరువుగా మూలిగింది. నాయన ఎడమ మోకాలు లుంగీ కింద పైకి లేచి, గాలిలో ఆగింది. ఆయన వంగి కిందికి చూశాడు.

“క్లచ్ యాడమ్మే?”

“అక్కర్లేదు నాయనా. గేరు దానంతట అదే పడతాది. నీకు కుడికాలు సాలు.”

చేతులు స్టీరింగు మీదనుంచి జారిపోయాయి. “కుడికాలు సాలు,” అన్నాడు. “అంటే నా మాదిరి కుంటోళ్ళ కోసం చేసినారన్న మాట. క్లచ్ లేందీ ఒక బండేనా? గేరు దానంతట అదే పడితే ఇంక డ్రైవరు యాల? బొమ్మను కూచోబెడితే పోలా?”

కర్ర పట్టుకుని మంచం దగ్గరకు వెళ్ళి గోడవైపు తిరిగాడు. తెరమీద లారీ అడ్డంగా పడి ఉంది, ఇంజను ఇంకా కొట్టుకుంటూనే ఉంది.

ఊరుకోవలసింది. నాకు చేతకాలేదు. “క్లచ్ పెట్టిస్తే తొక్కుతావా? దేంతో తొక్కుతావు? తొక్కే కాలు మంచం కింద బూజు పడతాండాది!” అని అరిచాను. నేను వంటింట్లోకి పోయి కమ్మలకు కూడా పనికిరాకుండా పోయిన ఆ డబ్బును తలుచుకుని ఏడ్చాను. డబ్బు కోసం కాదని నాకూ తెలుసు.

మర్నాడు పొద్దున్నే చక్రధరన్న షాపు తీయకముందే మెట్లమీద కూర్చున్నాను. విని, తల గోక్కున్నాడు. “ఈ ఆటకు క్లచ్ అనే మాటే తెలీదమ్మా.”

“తెలీకుంటే నేర్పియ్యన్నా. ఇన్ని బొక్కలున్నాయే ఆ పెట్టెకి!”

నవ్వాడు కానీ ఆలోచనలో పడ్డాడు. గేర్లు మనమే మార్చుకునేలా ఆటలో ఒక ఏర్పాటు ఉందట. స్టీరింగు మీద రెండు మీటలు, ఒకటి పై గేరుకు, ఇంకొకటి కింది గేరుకు. ఆ మీటల తీగలు విప్పి, మధ్యలో ఇంకొక స్విచ్చి పెట్టి, దాన్ని ఒక పెడలు కింద బిగిస్తే సరి. పెడలు తొక్కి ఉంటేనే మీట పనిచేస్తుంది. తొక్కకపోతే గేరు పడదు. “ఆట దృష్టిలో అది క్లచ్ కాదు. మీ నాయన దృష్టిలో క్లచ్చే కదా?” అన్నాడు.

పెడలు కోసం చిన్నబ్బ దగ్గరకు వెళ్ళాను. ఒకప్పుడు నాయన దగ్గర క్లీనరుగా చేసి, ఇప్పుడు రేణిగుంటలో లారీషెడ్డు పెట్టుకున్న మనిషి. కంప్యూటరుకు క్లచ్ కావాలంటే పొట్ట పట్టుకుని నవ్వాడు. పాత లారీ నుంచి విప్పిన పెడలును, దాని స్ప్రింగుతో సహా ఇనుప పలక మీద వెల్డింగు చేసి, ఆదివారం తానే తీసుకొచ్చాడు. చక్రధరన్న తీగలు కలిపి ఇచ్చిన స్విచ్చిని దాని కింద బిగించి, టేబుల్ కింద దూరి మేకులు కొట్టడం మొదలుపెట్టాడు.

నాయన అటు తిరిగే ఉన్నాడు. సుత్తి చప్పుడు వింటున్నాడని వీపును చూస్తే తెలుస్తోంది. రెండో మేకు దిగేసరికి ఇటు తిరిగాడు.

“ఆడ కొడతాండావేంరా? స్టీరింగు రాడ్డుకు అంత దగ్గర యాడన్నా ఉంటాదా క్లచ్చు? ఇంకా ఎడమకి జరుపు. నా దగ్గర అన్నేండ్లుండి ఇదా నువ్వు నేర్సుకునింది?”

“నాకేం తెలుసున్నా, నేనుండింది ఆ పక్క సీట్లో. ఎంత దూరముండల్లో నువ్వే తొక్కి సూపియ్యి,” అన్నాడు చిన్నబ్బ టేబుల్ కిందనుంచే. ఎత్తిపొడుపు కాదు, అతను మామూలుగానే అన్నాడు.

అమ్మ వంగి మంచం కిందనుంచి ఆ కాలును లాగింది. కొంగుతో తుడిచి ఆయన పక్కన పెట్టింది. “ముందు మోకాలి కింద ఈ సాక్సు ఏసుకో. ఊరికే తొడుక్కుంటే ఒరుసుకుంటాది,” అంది, అన్నానికి పిలిచినంత మామూలుగా.

నాయన ఆ కాలును చాలాసేపు చూశాడు. తరవాత సాక్సు అందుకున్నాడు.

కుర్చీలో కూర్చుని కాలు చాపాడు. పెడలుకు బెత్తెడు పక్కన నేలమీద పడింది. మళ్ళీ ఎత్తాడు. అంచుకు తగిలి జారింది. అప్పుడు మా నాయన వంగి కిందికి చూశాడు. ఎంత చీకటిలోనైనా, ఎంత నిద్రలోనైనా క్లచ్ ఎక్కడుందో వెతుక్కోవలసిన అవసరం ఎన్నడూ రాని మనిషి. ఆయన ముఖం చూడలేక నేను తల తిప్పుకున్నాను.

“తెలీడంల్యామ్మే,” అన్నాడు. “తొక్కినానో లేదో తెలీడంల్యా. కట్టెతో పొడిసినట్టుండాది.”

మూడోసారి పెడలు మీదనే పడింది. బలంగా తొక్కాడు. స్ప్రింగు కిర్రుమంది. చిన్నబ్బ గబుక్కున నూనె డబ్బా తీశాడు.

“నూనె పొయ్యొద్దురా,” అన్నాడు నాయన. “అరవనీ. కాలుకు తెలీకుంటే సెవికి తెలుస్తాది.”

మళ్ళీ తొక్కాడు. కిర్రుమంది. మీట నొక్కాడు. గేరు పడింది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో పొద్దస్తమానం కిర్రు కిర్రు. కొత్తగా బండి నేర్చుకునేవాడికన్నా అధ్వాన్నంగా తోలాడు. క్లచ్ అందక ఎత్తుల్లో ఆగిపోయేవాడు, వెనక్కి జారేవాడు, కనబడని ఓనర్‌ను తిట్టేవాడు. మోకాలి కింద పుండ్లు పడితే అమ్మ మందు రాసేది. పుండు పడ్డప్పుడు కాలు విప్పి రెండు రోజులు ముట్టడు, మూడోనాడు మళ్ళీ సాక్సు అడుగుతాడు. టేబుల్ దాకా కర్రతో వచ్చేవాడు కాస్తా గోడ పట్టుకుని రావడం మొదలుపెట్టాడు. గడప మాత్రం దాటలేదు. నేను అడగలేదు. అడిగితే నా నోటినుంచి ఏ మాట వస్తుందో నాకే నమ్మకం లేదు.

ఎండాకాలం ఒక సాయంత్రం. నాయన ఇనుప లోడుతో ఘాటు ఎక్కుతున్నాడు, సగం ఎక్కాడు, కరెంటు పోయింది. తెర నల్లబడింది. ఇంజను చప్పుడు ఆగిపోయింది.

దారిలో బండి ఆగితే ఏ డ్రైవరైనా ముందు చేసేది కిందికి దిగడమే. నాయన కుర్చీలోంచి లేచాడు. గోడ పట్టుకున్నాడు, తలుపు పట్టుకున్నాడు, గడప దాటాడు. మెట్టు దిగి వీధిలో నిలబడి అటూ ఇటూ చూశాడు.

ఎదురింటి పంకజాక్షి వాకిట్లో నీళ్ళు చల్లుతోంది.

“ఏమ్మే పంకజాక్షీ, మీకు ఉండాదా కరెంటు?”

“ల్యా అన్నా,” అంది ఆమె. చెంబు చేతిలోనే ఉండిపోయింది. ఆమె చూపు ఆయన కాళ్ళమీదకు దిగింది. పక్క అరుగుమీద పేకాడుతున్నవాళ్ళు కూడా ఆపి చూస్తున్నారు.

నాయనకు తాను ఎక్కడున్నాడో అప్పుడే తెలిసింది. చెయ్యి వెనక్కి పోయి తలుపు కోసం వెతికింది. ఇంక లోపలికి వచ్చేస్తాడు, మళ్ళీ గోడవైపు తిరుగుతాడు అనుకున్నాను.

ఆయన వెనక్కి తిరగలేదు. వంగి లుంగీ అంచు పట్టుకుని మోకాళ్ళపైకి మడిచి ఎగ్గట్టాడు, రోడ్డుమీద బండి దిగితే ఎలా కట్టేవాడో అలాగే.

“ట్రాన్స్‌ఫార్మర్ కాడ సూసొస్తా,” అని వీధి చివరికి నడిచాడు. మెల్లగా, ఒకవైపు ఒరుగుతూ. మోకాలి కింద ఆ గోధుమరంగు కాలు వీధి మొత్తానికీ కనబడుతోంది. నాకు ఏడుపొచ్చింది. ఈసారి వంటింట్లోకి పరిగెత్తలేదు, అందరూ చూస్తుండగా గడపమీదే నిలబడి ఏడ్చాను.