అందని చరణం

రాజోలు దగ్గర మా పేట చర్చిలో ఆడవాళ్ల చేత పాడించేది నేనే. వాళ్లలో సగం మందికి చదువు రాదు. అందుకని ప్రతి చరణాన్నీ ముందు నేను మామూలు మాటలా, మెల్లగా చెబుతాను. వాళ్లు అందుకుని పాడతారు. దాన్ని చరణం అందించడం అంటాం. అక్షరాలు రాకముందు నేనూ అలా అందుకునే పాడాను.

2007లో మంచి శుక్రవారం పాడే సిలువ పాటను సీడీ వేయాలని పాస్టరు సుందరరావు గారు నన్ను అమలాపురం తీసుకెళ్లారు. స్టూడియో అంటే మేడ మీద ఒక గది. గోడల నిండా కోడిగుడ్ల అట్టలు. నా అలవాటు కొద్దీ చరణం అందించుకుంటూ అయిదు చరణాలూ పాడాను.

స్టూడియో నడిపే రవికుమార్ కంప్యూటరు తెర చూపించాడు.

"ఇదేనండి పిన్నిగారూ, మీ గొంతు."

గొంగళిపురుగు పాకుతున్నట్టుంది.

"ఇంత బొచ్చేంటయ్యా?"

"అదంతా గీసేస్తామండి. వీటిని ప్లగిన్లంటారు. ఇదొకటి శ్రుతి సరిచేస్తాది. ఇదొకటి ఊపిరి చప్పుడూ ఫ్యాను చప్పుడూ తీసేస్తాది. ఇదేమో పెద్ద చర్చిలో పాడినట్టు మోగిస్తాది."

వినిపించాడు. ఎవరో పదహారేళ్ల పిల్ల పాడుతున్నట్టుంది. పాస్టరు గారి ముఖం వెలిగిపోయింది.

"నేను అందించిన చరణాలేవి?" అన్నాను.

"మెల్లగా చెప్పేరు కదండీ. చప్పుడనుకుని ఇది తీసేసింది, ఆ ఖాళీలు నేను కలిపేశానండి. పోతే పోయాయి, సీడీలో మాటలెందుకండి?"

"అవి లేకపోతే మావాళ్లెలా పాడతారు?"

"సీడీ వినడానికమ్మా, పాడించడానికి నువ్వున్నావుగా" అన్నారు పాస్టరు గారు. ఆయ్ అన్నాను.

మంచి శుక్రవారం మధ్యాహ్నం చర్చి ముందు పందిరి నిండిపోయింది. తాటిపాక నుంచి కూడా జనం వచ్చారు. పాస్టరు గారు నన్ను పక్కకు పిలిచారు.

"సీడీ వేస్తున్నాం. నువ్వు మైకు దగ్గర నిలబడి పెదాలు కదుపమ్మా. అంత బాగా ఇప్పుడు రాదు."

"అబద్ధం కాదాండీ?"

"నీ గొంతేగా!"

ముందు చాపల మీద మా ఆడవాళ్లు కూర్చున్నారు. వీరాయమ్మ ఈ ఒక్క పాట కోసం ఏటా గోదావరి లంక నుంచి పడవ దాటి వస్తుంది. ఆమెకు చూపు తక్కువ. నా నోటి వైపే ముఖం పెట్టి, చరణం కోసం కాచుకుంది.

పాట మొదలైంది. నేను చరణం చెప్పాను. మైకు ఆపేసి ఉంది. సౌండు బాక్సుల్లోంచి నా గొంతు నన్ను దాటి వెళ్లిపోయింది. ఆడవాళ్లు నోళ్లు తెరిచి, మూసుకున్నారు. రెండో చరణం ఇంకా గట్టిగా చెప్పాను. నా చెవికే అందలేదు.

"కాంతమ్మా, చెప్పవేం?" అంది వీరాయమ్మ.

"చెబుతున్నానే!"

"వినబడతా లేదే. మామీద కోపమొచ్చిందా ఏంటి?"

వెనక కుర్చీల వాళ్లు ష్ అన్నారు. నేను మైకు వదిలి చాపల దగ్గరికి ఒక అడుగు వేశాను. పాస్టరు గారు కళ్లతోనే వెనక్కి వెళ్లమన్నారు. వెళ్లాను.

మూడో చరణానికి వీరాయమ్మ పైట తల మీదికి లాక్కుని, అందరిలాగే వింటూ కూర్చుంది. ఎవరో చప్పట్లు కొట్టారు. అయిదో చరణం అయ్యేదాకా నేను పెదాలు కదుపుతూనే ఉన్నాను.