ముగ్గురికి ఒక నడుము

నేను ఒక ఎక్స్‌రే ఫిల్మును. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే నాలో ఒక మనిషి నడుము కనపడుతుంది. ఆ నడుము అసిరయ్యది. ఈ మాట చెప్పేవాళ్ళు ఇప్పుడు నేను తప్ప ఎవరూ లేరు. అందుకే చెబుతున్నాను.

నాగావళి అవతల ఒక మార్కెట్ యార్డు. దాని ఎదురుగా ఉన్న చిన్న ల్యాబులో పుట్టాను. అసిరయ్య ఆ యార్డులో బస్తాలు మోసే కళాసీ. ముప్పయ్యేళ్ళు మోశాడు. ఒకరోజు బస్తా దించి నిటారుగా లేవలేకపోయాడు. ల్యాబులో బల్ల మీద పడుకోబెట్టి, మొలతాడు తీయమన్నారు. తీయనన్నాడు. మొలతాడుకు ఒక తాయెత్తు. చిన్నప్పుడు వాళ్ళమ్మ కట్టింది. ఒక పక్క సొట్టపోయింది.

"దేవుడిది బాబూ. అది మాత్రం తీసీమనకు."

ల్యాబతను విసుక్కుని అలాగే మీట నొక్కాడు. చీకటి గదిలో మందునీళ్ళలో ముంచి నన్ను బయటికి తీశారు. నన్ను నేను చూసుకుని అదిరిపోయాను. కింది పూస ఒకటి ముందుకు జారిపోయి ఉంది, గోడలోంచి ఇటుక జారినట్టు. ఈ మనిషి నడిచే వచ్చాడు. నడిచే ఇంటికి పోయాడు. నేను నమ్మలేకపోయాను. ఆ పూస పక్కనే తెల్లగా, సొట్టతో సహా, తాయెత్తు.

అసిరయ్య కళాసీల ముఠాలో పద్నాలుగు మంది. వాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. బస్తా జారి పగిలితే, ఎవరి భుజం మీంచి జారిందో షావుకారుకు చెప్పరు. "ఎవడ్రా పడేసింది?" అని ఎన్నిసార్లు అడిగినా "ముఠాదండి" అంటారు. అంతే. తిట్లు పద్నాలుగు మందీ తింటారు. కూలీ, చుట్టలు, టీ, అన్నీ సమానమే. నన్ను కూడా అలాగే పంచుకుంటారని మాత్రం నాకు తోచలేదు.

ఏడాది తిరిగాక కరకయ్య వచ్చాడు. ముఠావాడే, అసిరయ్యకు మేనల్లుడి వరస. వికలాంగుల పింఛను కావాలంటే సదరం క్యాంపులో డాక్టరుకు చూపించుకోవాలి. వైకల్యం నలభై శాతం పైన వేస్తే పింఛను, తగ్గితే లేదు. కరకయ్యకూ నడుం నొప్పి ఉంది. అది అబద్ధం కాదు. కానీ అతని ఎక్స్‌రేలో ఏమీ పడలేదు. నొప్పి మాలో పడదు. ఎముక పడుతుంది. డాక్టర్లేమో మమ్మల్నే చూస్తారు.

"మావా, నీ బొమ్మ ఓపాలియ్యి. నీకెలాగా అక్కర్నేదంతావు."

"నాకేటికిరా కుంటోళ్ళ కాయితం. మోత్తన్నాను గదా. అట్టుకెళ్ళు."

కత్తెర తెచ్చి, పేరున్న నా మూలను కత్తిరించేశారు. తాయెత్తు సంగతి ఎవరికీ తట్టలేదు.

క్యాంపులో డాక్టరు నన్ను లైటు పెట్టెకు తగిలించాడు. "ఇదేంటయ్యా, తాయెత్తు కూడా తీయలేదా?" అని నవ్వాడు. కరకయ్య చేతులు కట్టుకుని "దేవుడిదండి" అన్నాడు. నలభై అయిదు శాతం పడింది. అసిరయ్య ఎముక మీద కరకయ్య పేరు!

ఆర్నెల్లకు ముఠా మేస్త్రీ బంగారయ్య నన్ను పట్టుకెళ్ళాడు. అదే డాక్టరు. ఈసారి తాయెత్తు దగ్గర కాసేపు ఆగాడు. వరుసలో ఇంకా యాభై మంది ఉన్నారు. వేసేశాడు.

ఆ ఏడు ఎండాకాలంలోనే అసిరయ్య మోత ఆగిపోయింది. మంచం దిగాలంటే భార్య తౌడమ్మ చంకల కింద చేతులు వేసి లేపాలి. యార్డులో రాలిన గింజలు ఆమె ఊడ్చి తెస్తేనే పొయ్యి వెలిగేది. పింఛను వస్తే మందులైనా వస్తాయని, కుంటోళ్ళ కాయితం వద్దన్న మనిషి ఆ కాయితానికే బయలుదేరాడు.

కరకయ్య, బంగారయ్య ఆటోలో తెచ్చారు. లోపలికి మాత్రం రాలేదు. "మమ్మల్ని సూత్తే బాబు గుర్తెట్టెత్తాడు మావా" అని నవ్వుకుంటూ కిటికీ కింద కూర్చున్నారు.

డాక్టరు నన్ను తగిలించాడు. చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఈ నడుము నాకు తెలుసు. ఈ సొట్ట తాయెత్తు మూడోసారి వస్తోంది. రెండుసార్లు మోసపోయాను. ఎవరిదిది?"

అసిరయ్య నావైపు చూశాడు.

"నీదే అయితే చొక్కా ఎత్తు. తాయెత్తు ఉంటే నీకిప్పుడే రాసిస్తాను. ఆ ఇద్దరి కాయితాలు సాయంత్రానికి తీయించి రద్దు చేస్తాను."

ఎత్తితే చాలు. తాయెత్తు అక్కడే ఉంది, చొక్కా కింద, నాకు మూరెడు దూరంలో. అసిరయ్య కిటికీ వైపు చూశాడు. బయట కరకయ్య దగ్గుతున్నాడు. అసిరయ్య చెయ్యి కదిలింది. చొక్కా అంచు పట్టుకుంది. ఇక ఎత్తేస్తాడనుకున్నాను. ఆ చెయ్యి చొక్కాను కిందికి లాగి, గట్టిగా అదిమి పట్టుకుంది.

"చెప్పవయ్యా. ఎవరిది?"

"ముఠాదండి."

తన ఎముకను ఎదురుగా పెట్టుకుని ఒక మనిషి ఆ మాట అంటాడా! డాక్టరుకు అర్థం కాలేదు. అర్థం కావాలని కూడా అనుకోలేదు. కాయితం మీద అడ్డంగా గీత కొట్టి, "తర్వాత" అని పిలిచాడు. అసిరయ్య బల్ల అంచు పట్టుకుని మూడు విడతల్లో లేచాడు. నన్ను తిరిగిమ్మని అడగలేదు. తలుపు దాటుతుంటే వెనకనుంచి చూశాను. నాలో ఎలా వంగి ఉందో, ఆ నడుము అలాగే వంగి ఉంది.

కిటికీ కింద మాటలు వినిపించాయి.

"ఏటి మావా, ఎంతేసినాడు?"

"సూత్తారట."

"మాకేసినోడు నీకెయ్యడా! మాది అరువు సరుకు, నీది అసలు సరుకు."

ఇద్దరూ నవ్వారు. చెరో భుజం కిందా దూరి, బస్తాకు పట్టు పట్టినట్టు అతన్ని ఎత్తి ఆటోలో కూర్చోబెట్టారు. ఎంత జాగ్రత్తగా ఎత్తారో!

ఇప్పుడు నేను ఆ క్యాంపు పెట్టిన ఆసుపత్రి స్టోరు గదిలో, పాత ఫిల్ముల కట్టలో ఉన్నాను. మమ్మల్ని తూకానికి అమ్ముతారట. మాలో వెండి ఉంటుందట, కరిగించి తీసుకుంటారట. నాలో వెండి ఎంతుందో నాకు తెలియదు. నాకు కనపడేవి రెండే. జారిన పూస, సొట్టపోయిన తాయెత్తు.

కత్తిరించిన ఆ మూల ఉండి ఉంటే, పేరు కూడా కనపడేది.