అక్క చుక్కల పుస్తకం

మా అక్క నన్ను సర్టిఫికెట్ అని పిలుస్తుంది. పడవ ఇంజన్ల కంపెనీలో రెండు నెలల శిక్షణ పూర్తిచేసి, వాళ్ళిచ్చిన కాగితానికి ఫ్రేము కట్టించి గోడకి తగిలించాను చూడండి, ఆ రోజు నుంచీ ఇదే వరస. "ఏం సర్టిఫికెట్, అన్నం తిన్నావా?" "సర్టిఫికెట్ వచ్చాడండోయ్, కుర్చీ తుడవండి." నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ప్రతిసారీ ఉడుక్కుంటాను. ఉడుక్కుంటానని తెలిసే అంటుంది.

అక్క రేవులో పడవ నడుపుతుంది. ఇళ్ళన్నీ ఈ ఒడ్డున, బడీ ఆసుపత్రీ ఆ ఒడ్డున, మధ్యలో ఏరు. ముప్పై ఒక్కేళ్ళుగా జనాన్ని అటూ ఇటూ దాటిస్తోంది. బావ టికెట్లు చింపుతాడు. ఆయన నోట్లోంచి మాట రావాలంటే ముహూర్తం చూడాలి. పడవ వెనక తగిలించిన మోటారు నాకంటే వయసులో పెద్దది. పచ్చరంగు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. తాడు చుట్టి లాగితేనే లేస్తుంది, అదీ అక్క లాగితేనే.

ఈ ఏడు అధికారులు పాత మోటార్లన్నిటికీ పరీక్ష పెట్టారు. మంగళవారం తొమ్మిదింటికి తనిఖీ ఆఫీసరు వస్తాడు. పడవ నిండా మనుషుల్ని ఎక్కించుకుని అవతలి ఒడ్డుకి వెళ్ళి, ఆగకుండా తిరిగి రావాలి. మధ్యలో మోటారు ఆగిందా, పర్మిట్ రద్దు. పొగ ఎక్కువొచ్చినా రద్దే. పర్మిట్ పోతే రేవు ఎవరో లాంచీ కాంట్రాక్టరు చేతికి పోతుంది. అక్కకి ఇంకో పని రాదు, నేర్చుకోవాలనీ లేదు. పైకి నవ్వుతూనే ఉంది గానీ, ఆ వారమంతా ఆవిడ సరిగ్గా తిన్నది లేదు.

నేను మూడు రోజులు సెలవు పెట్టి వచ్చాను. ముందు గదిలో పాత పేపర్లు పరిచి మోటారు మొత్తం విప్పేశాను. కొత్త పిస్టన్ రింగులు వేశాను, కార్బురేటరు కడిగాను. లోపల ఇరుసు తిరిగే కంచు బుష్షులు తుడిచి చూశాను. ఇన్నేళ్ళయినా అద్దంలా ఉన్నాయి. చేసినవాడికి దండం పెట్టాలనిపించింది. అలా చూసుకున్నది ఎవరో ఆలోచించలేదు, అదే నా తెలివి.

సోమవారం మోటారు మళ్ళీ బిగించాక నూనె దగ్గర గొడవ మొదలైంది. ఈ రకం మోటారుకి పెట్రోల్లోనే నూనె కలిపి పోయాలి. ఎంత కలపాలన్నదే పేచీ.

"అక్కా, నూనె డబ్బా మీద చూడు. యాభై పాళ్ళ పెట్రోలుకి ఒక పాలు నూనె. నువ్వు ఇరవై నాలుగుకే ఒకటి పోస్తున్నావు. అందుకే ఆ పొగ."

"మోటారు మీద ప్లేటు ఏమంటోంది?"

"ఏమంటుంది నా మొహం! అంకెలన్నీ అరిగిపోయాయి."

"అరక్కముందు నేను చదివాను."

"ఎప్పుడు?"

"నీకు పాలపళ్ళు ఊడుతున్నప్పుడు."

బావ మొహం అటు తిప్పుకుని నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది.

"అది ఆ కాలం నూనెకి అక్కా! ఇప్పటి నూనె వేరు!"

"నూనె మారిందిరా. మోటారు మారలేదు కదా."

ఇంక ఆవిడతో వాదించి లాభం లేదనుకున్నాను. సాయంత్రం అక్కా బావా పడవలో నీళ్ళు తోడటానికి వెళ్ళినప్పుడు, పది లీటర్ల పెట్రోలు డబ్బాలో రెండు వందల మిల్లీ నూనె పోసి, బాగా గిలక్కొట్టి మూత పెట్టేశాను. ఆవిడ మంచి కోసమే చేశాను. ఒట్టు.

తెల్లారింది. ఎనిమిదింటికి అక్క ఎప్పట్లాగే తన చుక్కల పుస్తకం తీసింది. దళసరి కాగితాల లావుపాటి పుస్తకం, నెలకొక పేజీ. రోజూ డబ్బాలో పుల్ల ముంచి, తేదీ కింద ఒక్క చుక్క వేస్తుంది. పెట్రోలు ఆరిపోయి నూనె మరక మిగులుతుంది. దాన్ని వెలుతురుకి పట్టి చూశాకే పడవ తీస్తుంది. అదంతా చాదస్తం అని నేను వెక్కిరించేవాణ్ణి.

ఆ రోజు అక్క పేజీని వెలుతురుకి పట్టి, మళ్ళీ ఇంకోసారి పట్టి చూసింది. నిన్నటి మరక రూపాయి బిళ్ళంత ఉంది. ఇవాళ్టిది అందులో సగం లేదు.

"డబ్బా ఎవరు కలిపారు?"

"నేనే."

"ఎంత పోశావు?"

చెప్పాను. తిడుతుందని చూశాను. తిట్టలేదు, దగ్గరికొచ్చి కూర్చుంది.

"మోటారు విప్పింది నువ్వే కదా. లోపల ఏం చూశావు?"

"కంచు బుష్షులు."

"నీ కొత్త మోటార్లలో ఏం ఉంటాయి?"

"సూదుల్లాంటి రోలర్లు. వాటికి నూనె తక్కువైనా..."

కంచుకి తడి చాలకపోతే వేడెక్కి పట్టేస్తుంది. పైగా కొత్త రింగులు, అవి ఇంకా ఎక్కువ నూనె అడుగుతాయి. ఇదంతా నాకు తెలుసు. నా చేత్తో తాకిన బుష్షులవి! ఏటి మధ్యలో, పడవ నిండా జనం, ఆఫీసరు ఎదురుగా...

"ఇంకో రెండు వందలు పొయ్యి. పైన ఒక పెద్ద చెంచా," అంది అక్క. పోసి కలిపాను. ఇంకో చుక్క వేసింది. సరిపోయింది.

"మరి పొగ?" అన్నాను.

"నూనె ఒక్కటేనా పొగ పెట్టేది? పద."

తాడు చుట్టి లాగింది. ఒక్క లాగుకి లేచింది, గుప్పున పొగతో సహా. అక్క పడవ కట్టు విప్పకుండానే పది నిమిషాలు మోటారు తిప్పి వేడెక్కనిచ్చింది. తర్వాత తల వంచి, కళ్ళు మూసుకుని, కార్బురేటరుకి పెట్రోలు హెచ్చుతగ్గులు చేసే మరను వెంట్రుకవాసి మూసింది. విన్నది. మళ్ళీ వెంట్రుకవాసి మూసింది. ఆ మర నేను మీటరు పెట్టి సరిచేసిందే! అయినా మోటారు గొంతు మారింది. పొగ పల్చబడి పల్చబడి, చివరికి వెతుక్కుంటే గానీ కనపడలేదు. అబ్బా, ఏం చెవులండీ అవి! నా సర్టిఫికెట్ ఫ్రేముతో సహా ఆవిడ కాళ్ళ దగ్గర పెట్టాలనిపించింది.

ఆఫీసరు వచ్చాడు. మోటారు ఆపించి, మళ్ళీ తన ముందు లేపించాడు. ముప్పై మందితో బయల్దేరాం. వెళ్ళినంతసేపూ నేను మోటారు మూత మీదే చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. వెచ్చగా ఉందే గానీ కాల్లేదు. వెళ్ళాం, వచ్చాం. ఎక్కడా ఒక్క తడబాటు లేదు.

"నూనె ఎంత కలుపుతారమ్మా? ప్లేటు మీద అంకెలు లేవే," అన్నాడు ఆఫీసరు.

అక్క పుస్తకం చేతికిచ్చింది. ఆయన పేజీలు తిప్పుతూ తిప్పుతూ నిలబడ్డాడు. "ముప్పై ఒక్కేళ్ళా!" అన్నాడు. తర్వాత ఇవాళ్టి తేదీ దగ్గర వేలు పెట్టాడు. "ఇక్కడ రెండు చుక్కలున్నాయేం?"

నేను తల వంచుకుని మోటారు మూత తుడవసాగాను.

"మా తమ్ముడు కొత్త కొలత ఒకటి చూశాడండి. ఈ మోటారు బాగుచేసింది తనే. ఇంజన్ల పనిలో సర్టిఫికెట్ ఉంది," అంది అక్క. ఆ మాట ఆవిడ నోట వెక్కిరింత లేకుండా వినడం అదే మొదటిసారి.

ఆఫీసరు సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. బావ కళ్ళు తుడుచుకుని, ఎవరూ చూడలేదనుకున్నాడు.

"నన్ను తిట్టలేదేం అక్కా?" అన్నాను, రేవు మెట్ల మీద కూర్చున్నాక.

అక్క పుస్తకం మొదటి పేజీ తీసింది. పసుపెక్కిన కాగితం మీద మొట్టమొదటి మరక చూపించింది. చిన్నది, అచ్చం నా చుక్కంత. పక్కన అక్క రాత: "ఏటి మధ్యలో ఆగింది. ఆయన తెడ్డు వేశారు."

"నేను పడవ తీసిన మొదటి రోజు. డబ్బాలో మిగిలిన దాంతో వేసిన చుక్క అది," అంది. "ప్లేటు మర్నాడు చదివాను."

"అరచేతులు రెండూ బొబ్బలెక్కాయి," అన్నాడు బావ. ఆ రోజుకి ఆయన మాట్లాడింది అంతే.

అక్క ఇవాళ్టి పేజీ తిప్పి కలం నా చేతిలో పెట్టింది. చిన్న చుక్క పక్కన ఖాళీ ఉంది.

"ఏం రాయమంటావు?" అన్నాను.

"ఒడ్డు మీదే ఆగింది అని రాయి."